పల్లెకు నిస్తంత్రి ఇంటర్నెట్టు: పరికరముల యెన్నిక, వాని పోషణ

మా కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఈ నడుమ ఒకే ప్రశ్న వేయుచున్నారు. ఎరువులు, విత్తనములు తెప్పించి పంచినట్లే ఇంటర్నెట్టునుగూడ సంఘమే తెచ్చి ఊరిలో పంచరాదా? అందులకు ఏ పరికరములు కొనవలెను? కొన్నవి ఎన్నాళ్లు నిలుచును? ఈ ప్రశ్న వినోదము కొరకు పుట్టినది కాదు. 2022 జూను నెలలో కేంద్రప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరులతో నడపించు పథకము నంగీకరించి, 63,000 సంఘముల నిమిత్తము 2,516 కోట్ల రూపాయలను నిర్ణయించెను. నాటినుండి సంఘముల చిట్టా ఆవర్జాలు కాగితమును విడిచి తెరమీదికి ఎక్కుచున్నవి. పంట నమోదు, వేలిముద్ర, ధాన్యపు కొనుగోలు, అప్పుఖాతా, అన్నియు ఎక్కడనో దూరముననున్న యంత్రముతో మాటలాడి రావలసినవే. ఆ సంబంధము తెగిననాడు గుమాస్తా చేతులు ముడుచుకొని కూర్చుండును. రైతు కూలిదినము పోగొట్టుకొని ఎండలో నిలుచుండును.

మేము కంచరపాలెమునుండి వ్రాయుచున్నాము. ఇచ్చటి రైతుబజారునకు వేకువనే కూరగాయల మూటలతో దిగు రైతులకు ఈ తారతమ్యము చక్కగా తెలియును. ఊర్వశి కూడలిలో నిలుచున్నవానికి నాలుగు సంస్థల తీగలు తలపైననే వ్రేలాడుచుండును. వాడే సాయంకాలము తన పల్లె చేరునప్పటికి చేతిఫోనులోని గీతలు ఒకటొకటిగా తగ్గిపోవును. 2025 అక్టోబరులో గూగులు సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి డేటా కేంద్రమును నెలకొల్పెదమనియు, సముద్రగర్భమునుండి తీగలను ఇచ్చట దింపెదమనియు ప్రకటించెను. మంచిదే. కాని పెద్దకాలువలో నీరు నిండుగా పారుచున్నంతమాత్రమున కొసపొలము తడియదని రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. పిల్లకాలువ త్రవ్వుకొనుట మనపని. ఈ వ్యాసము ఆ పిల్లకాలువను గూర్చినదే.

మొట్టమొదట చెప్పవలసిన మాట యొకటి కలదు. గాజుతీగ, అనగా ఫైబరు, అందుబాటులో నున్నచోట రేడియోలను కొనవలదు. ఆంధ్రప్రదేశ్ ఫైబరునెట్టు సంస్థ భూమిని త్రవ్వక విద్యుత్తు స్తంభములమీదుగనే ఫైబరును లాగించినది. 2016 డిసెంబరులో అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని మోరి గ్రామమున ఇండ్లకు అందించిరి. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ఆ పథకమును ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇచ్చుట నాటి యేర్పాటు. ఫైబరునకు వాన లెక్క కాదు, చెట్టు లెక్క కాదు, పొరుగువాని రేడియో లెక్క కాదు. స్తంభము కూలినప్పుడు మాత్రమే దానికి ఆపద. కావున సంఘము మొదట తన పంచాయతీకి ఫైబరు వచ్చియున్నదా, వచ్చియుండినచో పనిచేయుచున్నదా యని విచారింపవలెను. ఫైబరు పంచాయతీ కార్యాలయమువఱకు వచ్చి అచ్చటనే ఆగిపోయిన యూళ్లును, శివారు పల్లెలకు చేరని యూళ్లును గలవు. రేడియోకు పని అచ్చటినుండి మొదలగును.

ఈ పని మనవారికి క్రొత్తది కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరము కేంద్రముగా బైర్రాజు ఫౌండేషను వారు 'అశ్విని' యను పేర పల్లెలను రేడియోలతో కలిపి, వైద్యులను ఉపాధ్యాయులను తెరమీద చూపించు ప్రయత్నము చేసిరి. అందులకు వాడినది మన యిండ్లలోని వైఫై జాతి రేడియోలనే. ఆంటెన్నాలు మాత్రము దూరమునకు తగినవి. అప్పట్లో కాన్పూరు ఐఐటీలో నుండిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు గార్లు ఆ యనుభవమును, కాన్పూరు ప్రాంతపు అనుభవమును చేర్చి 2007లో ఒక వ్యాసముగా ప్రకటించిరి. దానినుండి మనము గ్రహింపదగినది ముఖ్యముగా రెండు సంగతులు. రేడియోల వెలకంటె వానిని నిలుపు స్తంభముల వెలయే పెద్దది. పల్లెలో యంత్రములను చంపునది దూరము కాదు, విద్యుత్తు. క్రొత్తగా పూనుకొను సంఘములు సాధారణముగా రేడియోల ధరల పట్టికను ముందు పెట్టుకొని కూర్చుండును. ముందుగా చూడవలసినది స్తంభము, విద్యుత్తు.

చూపు, దారి

ఈ రేడియోలు పనిచేయు 5 గిగాహెర్ట్జుల తరంగము నేరుగా పోవును. కొండను దాటి వంగదు. విశాఖ ప్రాంతమున నిది మేలును, కీడునుగూడ. కొండ యెక్కి నిలిపిన రేడియోకు పెద్ద స్తంభముతో పనిలేదు. డెల్టాలో ముప్పది మీటర్ల యినుముతో కొనవలసిన యెత్తు ఇచ్చట దేవుడిచ్చినదే. కాని కొండకు వెనుకనున్నవారికి అది గోడ. సింహాచలము కొండకు దక్షిణమున గోపాలపట్నము, ఉత్తరమున అడివివరము కలవు. కంచరపాలెపు మెట్టమీద నెంత గొప్ప యంత్రమును పెట్టినను అడివివరమునకు నేరుగా చూపు దొరకదు. అట్టిచోట నడుమ ఇంకొక మజిలీ పెట్టవలెను. మజిలీ యనగా మరియొక స్తంభము, మరియొక బ్యాటరీ, మరియొక కాపలా.

కంటికి అవతలి స్తంభము కనబడినంత మాత్రమున చాలదు. తరంగము దారమువలె సన్నగా పోవునది కాదు. దోసకాయవలె రెండు కొనల సన్నగిల్లి నడుమ లావుగా నుండును. 5.8 గిగాహెర్ట్జుల యందు 5 కిలోమీటర్ల దూరమునకు నడిమిభాగమున ఈ దోసకాయ యొక్క సగము మందము 8 మీటర్లు. 10 కిలోమీటర్లకు 11 మీటర్లకు పైన. ఇందు నూటికి అరువదివంతులైనను అడ్డులేక యుండవలెను. అనగా 5 కిలోమీటర్ల దారిలో నడుమనున్న చెట్టుతలకు మీదుగా దాదాపు 5 మీటర్ల ఖాళీ కావలెను. 10 కిలోమీటర్లకు 7 మీటర్లు, భూమి గుండ్రదనమునకు మరి ఒకటిన్నర మీటరు.

చెట్టును గూర్చి రైతులకు చెప్పుట హాస్యముగా తోచవచ్చును గాని, స్తంభము నిలుపు పట్టణపు మేస్త్రీకి తెలియని సంగతి రైతునకే తెలియును. సరుగుడు నాటిన యేడు దానిమీదుగా చూపు హాయిగా పోవును. నాలుగవ యేట కోతకు వచ్చునప్పటికి అది పది మీటర్లు దాటును. అప్పుడు సంబంధము నెలనెలకు క్షీణించుచుండును. యంత్రము చెడినదనుకొని క్రొత్తది కొందురు. క్రొత్తదియు నట్లే యుండును. తోట నరికిన మరునాడు అంతయు బాగుపడును. జీడితోట, మామిడితోట అంత యెత్తు పెరుగవు గాని తడిసిన ఆకు తరంగమును మ్రింగును. కావున దారి నిర్ణయించునప్పుడు ఆ దారిలోని భూముల యజమానులెవ్వరు, ఏమి నాటినారు, ఏమి నాటదలచినారు అని విచారించి వ్రాసికొనవలెను. నడుమ ఎవరైన మేడ కట్టదలచినారేమో యదియు కనుగొనవలెను.

చూపును పరీక్షించుటకు తేలికయైన యుపాయము: మబ్బులేని యుదయమున ఒకరు ఈ మిద్దెమీద, ఇంకొకరు ఆ మిద్దెమీద నిలిచి పెద్ద అద్దముతో సూర్యకాంతిని మెఱిపింపవలెను. మెఱుపు కనబడినచో చూపు కలదు. పిదప పైన చెప్పిన ఖాళీని కొలుచుకొనవలెను.

రేడియో, ఆంటెన్నా

5 గిగాహెర్ట్జుల పట్టీలో చాలభాగమును 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము లైసెన్సు లేకయే వాడుకొన వీలు కల్పించెను. ఇది పంచాయతీ బీడువంటిది. రుసుము లేదు; అందఱును మేపుకొనవచ్చును; కాబట్టి పచ్చిక తగ్గుచుండును. కంచరపాలెమువంటి జనసమ్మర్దముగల పేటలో ఇంటింట ఒక వైఫై పెట్టె ఇదే బీటిలో అరచుచుండును. పల్లెలో గొడవ తక్కువ. అందుచేత పట్టణపు మిద్దెమీద నుండు కొసకు, చుట్టుప్రక్కల శబ్దమును వినకుండ ఒకేదిక్కుకు చెవి యొగ్గు ఇరుకైన ఆంటెన్నాను కొనుట మంచిది. పట్టీలోని కొన్ని భాగములలో రాడారు వినబడినంతనే రేడియో తనంత తాను తొలగిపోవలెనను నియమము కలదు. నౌకాశ్రయము, విమానాశ్రయము, నౌకాదళము నున్న యీ యూర అట్లు తొలగుట అరుదు కాకపోవచ్చును. రాత్రి మంచిగనుండి పగలు ఉన్నట్టుండి నిమిషముసేపు తెగుచున్నచో ముందు దీనిని అనుమానింపుడు.

బలము చాలునా లేదా యనుటకు జమాఖర్చు లెక్క యొకటి కలదు. ఇందు డెసిబెలు అను కొలమానమును వాడుదురు. పంపువైపు రేడియో శక్తి 11, ఆంటెన్నా లాభము 25, వెరసి జమ 36. 5 కిలోమీటర్ల గాలిలో పోవునష్టము దాదాపు 122, అది ఖర్చు. అవతలి ఆంటెన్నా లాభము 25, మరల జమ. నికరము 61 లోటు, అనగా రేడియో తెరమీద మైనస్ 61 అని కనబడవలెను. రేడియో పట్టికలో మనకు కావలసిన వేగమునకు కనీసము మైనస్ 75 చాలునని యున్నచో మనకు 14 మిగులు. పది కంటె తక్కువ మిగులుగల దారిని మేము ఒప్పుకొనము. దూరము రెట్టింపైనచో 6 డెసిబెళ్లు పోవును. లెక్కలో మైనస్ 61 వచ్చి, తీరా బిగించిన పిమ్మట మైనస్ 72 కనబడినచో ఆంటెన్నా తప్పుదిక్కు చూచుచున్నది, లేదా అడ్డు కలదు. శక్తి పెంచి సరిపెట్టుట సరియైన చికిత్స కాదు. నిబంధనలలోని పరిమితిని దాటుటయు నగును.

60 గిగాహెర్ట్జుల క్రొత్తరేడియోలను గూర్చి వర్తకులు మిక్కిలి పొగడుదురు. వేగము నిజమే. కాని ఆ తరంగమును గాలిలోని ప్రాణవాయువే కిలోమీటరునకు పదునైదు డెసిబెళ్ల చొప్పున త్రాగివేయును. మన ఆషాఢపు కుంభవృష్టి అంతకు మించి త్రాగును. ఒకే వీధిలో రెండు మిద్దెల నడుమ అది తగును. ఊరికి ఊరికి నడుమ తగదు. 5 గిగాహెర్ట్జులకు వాన పెద్ద అడ్డు కాదు.

ఇక ఊరిలో పంచుట. ఒక స్తంభముమీద 90 లేదా 120 భాగల వెడల్పు చూచు ఆంటెన్నాలు మూడునాలుగు బిగించి, ఇంటింటి చిన్నరేడియోలను వానికి కలుపుదురు. ఇచ్చట రెండు మోసములు కలవు. ఇంటిరేడియోలు స్తంభమును వినును గాని ఒకదానినొకటి వినవు. సామాన్యమైన వైఫై పద్ధతిలో ఇద్దఱొక్కసారి మాటలాడి రెండును చెడిపోవును. వంతులవారీ నీరు విడిచినట్లు ఒక్కొక్కరికి కాలము పంచు పద్ధతిగల రేడియోలు కొనవలెను. ఈ పద్ధతి ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్కటి. ఒకరి స్తంభపు రేడియోతో వేఱొకరి యింటిరేడియో మాటలాడదు. కావున మొదటిసారి చేయు ఎన్నిక అయిదేండ్లు వెన్నంటును. విశాఖలోనే సరుకు నిలువయుండి, చెడిన దానిని మార్చి యిచ్చు వర్తకుడు గల రకమునే ఎన్నుకొనవలెనని మా అభిప్రాయము. పట్టికలోని వేగము రెండవమాట.

రెండవ మోసము బలహీనుడైన సభ్యునిది. దూరముగ నుండియో, చింతచెట్టు చాటుననుండియో మైనస్ 80 తో కలిసిన ఒక్కయిల్లు మెల్లమెల్లగ మాటలాడి అందఱి కాలమును తినివేయును. కాలువ చివరనున్నవానికి నీరందనిచో వానికే నష్టము. ఇచ్చట చివరివానిచేత కాలువ మొత్తము మందగించును. అట్టివానికి పెద్దయాంటెన్నా నిచ్చుటయో, ఎత్తైన గొట్టము నిచ్చుటయో సంఘము చేయవలెను. మొగమాటపడి ఊరక చేర్చుకొన్నచో నూటికి తొంబదిమంది సణుగుదురు.

స్తంభము, గాలి

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము దగ్గఱ తీరమును దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు చేరువగా వీచినది. ఆ దినమును చూచినవారికి స్తంభమును గూర్చి మేము బోధింపవలసిన పనిలేదు. భారతీయ ప్రమాణము ఐఎస్ 875 మూడవభాగముకూడ విశాఖపట్టణమునకు నిర్మాణముల లెక్కలో సెకండునకు 50 మీటర్ల గాలిని తీసికొనుమనుచున్నది. గంటకు 180 అనగా నదే. ఆ గాలిలో 60 సెంటీమీటర్ల గుండ్రని పళ్లెపు ఆంటెన్నామీద దాదాపు 55 కిలోల త్రోపు పడును. 90 సెంటీమీటర్ల పళ్లెమైనచో 120 కిలోలు దాటును. అనగా ఇద్దఱు మనుష్యులు స్తంభపు కొనను పట్టుకొని వ్రేలాడినట్లు. కావున అవసరమునకు మించిన పెద్ద పళ్లెమును 'ఉండనిమ్ము' అని కొనుట బుద్ధిమంతుల పని కాదు. జల్లెడవలె కడ్డీలతో చేసిన ఆంటెన్నా గాలిని కొంత పోనిచ్చును.

గొట్టము వేడి జింకులో ముంచి తీసినదై యుండవలెను. రంగుపూత మాత్రమే గలది సముద్రపు గాలికి రెండేండ్లలో బెజ్జములు పడును. బోల్టులు, నట్లు తుప్పుపట్టని ఉక్కువి వాడుడు. వెల హెచ్చే, కాని నాలుగవ యేట ఆంటెన్నా మార్చదలచినప్పుడు తుప్పుపట్టిన నట్టు రాక గొట్టమునే కోయవలసిన కష్టముకంటె తక్కువ. బిగుతు తీగలు మూడుదిక్కుల సమముగా కట్టవలెను. తాటిచెట్టుకు రేడియో కట్టి డబ్బు మిగిల్చితిమనువారిని మేము చూచితిమి. తాడి గాలికి ఊగును. అయిదు కిలోమీటర్ల దూరమున ఆ యూపు ఆంటెన్నా చూపును ఊరు దాటించును.

విద్యుత్తు స్తంభమునకు గాని, తీగకు గాని మన గొట్టము పడినను తగులనంత దూరములో నిలుపవలెను. గొట్టము పొడవు ఎంతో, కనీసము అంతకంటె ఎక్కువ యెడము. ఈ ఒక్కమాటలో అశ్రద్ధ చేసినచో పోవునది పరికరము కాదు, మనిషి.

తీగ, విద్యుత్తు, పిడుగు

స్తంభముపైనున్న రేడియోకు మాటయు, విద్యుత్తును ఒకే తీగలో పోవును. ఆ తీగను గూర్చి మా యనుభవము చెప్పుకొనుట కొంచెము సిగ్గే. ఒకప్పుడు మేము చవుకకు లోబడి ఒక వర్తకునియొద్ద పెద్దచుట్ట తీగ కొంటిమి. పైకి రాగివన్నె. ఒక వేసవి, ఒక వర్షకాలము గడచినంతనే రేడియో తనంత తాను ఆగి మొదలగుట ప్రారంభించినది. రేడియోను మార్చితిమి, విద్యుత్తు పెట్టెను మార్చితిమి, చివరకు స్విచ్చిని మార్చితిమి. కడపట తీగను చాకుతో గీచి చూడగా లోపల తెల్లగా అల్యూమినియము, పైన రాగిపూత. అది విద్యుత్తును దారిలోనే తిని, కొనలయందు తుప్పుపట్టి పగిలినది. మార్చిన మూడు పరికరములును బాగుగనే యుండెను! కావున తీగను కొనునప్పుడు అంగడిలోనే గీచి చూడుడు. నల్లని పైతొడుగు గల, ఎండకు తాళునట్టి బయటిరకము తీసికొనుడు. ఏ తీగయు 100 మీటర్లు మించరాదు. గదిలోనికి వచ్చుటకు ముందు తీగను క్రిందికి వంపుగా వ్రేలాడదీసి పైకి ఎక్కింపవలెను. అప్పుడు దానివెంట వచ్చు నీరు వంపుకడ కారిపోవును, గోడలోనికి రాదు.

విద్యుత్తు పెట్టెలలో 24 వోల్టులవి, 48 వోల్టులవి కలవు. కొన మాత్రము రెంటికి నొకటే. 24 వోల్టుల రేడియోకు 48 వోల్టుల పెట్టె తగిలించినచో క్షణములో కాలును. పెట్టెలకు ఎఱ్ఱరంగు, పచ్చరంగు పూసి, గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. వీలైనచో ఊరంతటికి ఒకే వోల్టు రకము కొనుడు.

బ్యాటరీ లెక్క యిది. మూడు ఆంటెన్నా రేడియోలు, ఒక దూరపురేడియో, ఒక స్విచ్చి కలిసి దాదాపు 40 వాట్లు తీయుననుకొందము. దినమునకు 960 వాట్‌గంటలు. 12 వోల్టుల 150 ఆంపియరుగంటల సీసపు బ్యాటరీలో 1,800 వాట్‌గంటలు కలవు గాని సగముకంటె ఎక్కువ తీసినచో త్వరగా చచ్చును; కావున 22 గంటలు వచ్చును. లిథియము ఐరను ఫాస్ఫేటు రకములో 100 ఆంపియరుగంటలదే 25 గంటలిచ్చును, ఏండ్లును ఎక్కువ వచ్చును, వెలయు నెక్కువ. హుద్‌హుద్ వంటి తుపాను వచ్చినప్పుడు కరెంటు ఒక దినములో తిరిగిరాదు. అట్టియెడ సూర్యపలక యొకటే దిక్కు: మన ప్రాంతపు ఎండకు నాలుగున్నర గంటల నిండుయెండ లెక్కన, నష్టములు పోగా 300 వాట్ల పలక పై యంత్రములను నడపును. మబ్బు దినముల కొఱకు ఇంకొక పలక. పలకను తుపాను హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టునట్లు బోల్టులు బిగించుట మంచిది; ఎగిరిపోయిన పలక పొరుగువాని పెంకుటింటిమీద పడును.

పిడుగునుండి పూర్తిగా కాపాడు యంత్రము లేదు. తగ్గించు మార్గము కలదు. గొట్టమును రాగిపట్టీతో భూమిలోని ఎర్తుగుంతకు కలుపవలెను. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీరు పోయుచుండవలెను. మోటారుషెడ్డులలో రైతులు చేయునదే. పలువురు చేయు తప్పు ఏమనగా, గొట్టమునకొక ఎర్తు, ఇంటి విద్యుత్తునకొక ఎర్తు త్రవ్వి రెంటిని కలుపక వదలుదురు. పిడుగు పడినప్పుడు ఆ రెండు గుంతల నడుమ వేల వోల్టుల తేడా ఏర్పడి, ఆ తేడా మన స్విచ్చిలోనుండియే సరిపెట్టుకొనును. రెంటిని భూమిలోనే మందపు తీగతో కలుపవలెను.

పోషణ

యంత్రము కొన్ననాడు సంఘములో ఉత్సాహముండును. మూడవ యేట ఎవరును స్తంభముకేసి చూడరు. కావున కొన్న వెలలో నూటికి ఇరువది వంతులు ఏటేట మరమ్మతు నిధిగా వేఱుగ నుంచుటకు సర్వసభ్య సమావేశము ముందే తీర్మానింపవలెను. ఈ తీర్మానము లేనిదే కొనవలదని మా గట్టి సలహా. వాటాధనము సభ్యుల చెమట; అది తుప్పుగా రాలిపోవుట చూడజాలము.

ఏడాదికి రెండు తనిఖీలు చాలును. వానలకు ముందు జ్యేష్ఠమున ఒకటి, తుపానులకు ముందు భాద్రపదమున ఒకటి. బోల్టులు, బిగుతు తీగలు, తీగకొనలపై చుట్టిన రబ్బరు పట్టీ, ఎర్తు, బ్యాటరీ నీరు చూడవలెను. కొనలలో పచ్చని పొడి కనబడినచో కోసి క్రొత్తకొన వేయవలెను. చీమలు పెట్టెలలో కాపురము పెట్టును. కాకులు గూడు కట్టును. కోతులున్నచోట తీగను గొట్టములో దాచుట తప్ప వేఱుగతి లేదు. స్తంభమెక్కువాడు నడుముపట్టీ లేక ఎక్కరాదు, ఒంటరిగా ఎక్కరాదు, మబ్బు పట్టినప్పుడు ఎక్కరాదు. కంచరపాలెములోని ప్రభుత్వ ఐటీఐలోను, పాలిటెక్నికులోను చదివిన రైతుబిడ్డలు మన పల్లెలలో కలరు. అట్టివారి నిద్దఱిని జీతముమీద నియమించుట, పట్టణమునుండి మేస్త్రీని పిలిపించి రెండు దినములు కనిపెట్టుకొని కూర్చుండుటకంటె చవుక.

ప్రతిదినము ఉదయము, సాయంకాలము ఒక్కొక్క దారి బలమును, అనగా ఆ మైనస్ సంఖ్యను, పుస్తకములో వ్రాయవలెను. పాలకేంద్రములో వెన్నశాతము వ్రాసినట్లే. సంఖ్య ఒక్కసారిగా పడినచో ఆంటెన్నా కదలినది లేదా కొనలో నీరు చేరినది. నెలనెలకు కొంచెము కొంచెముగా పడుచున్నచో చెట్టు పెరుగుచున్నది. సంఖ్య బాగుండి వేగము లేనిచో పొరుగువాడెవడో అదే పట్టీలోనికి వచ్చినాడు, లేదా మనకు ఇంటర్నెట్టు అమ్మినవానికడనే కొఱత. ఈ పుస్తకము లేనివాడు అన్నిటికి యంత్రమునే మార్చును.

అనుమతులను గూర్చి క్లుప్తముగా. తరంగమునకు లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రమున ఇంటర్నెట్టును అమ్ముటకు అక్కరలేదని కాదు. సంఘము తానే అనుమతి పొందిన సేవాసంస్థ కావలెను, లేదా అట్టి సంస్థకు స్థానిక భాగస్వామిగా నుండవలెను. 2020 డిసెంబరులో కేంద్రమంత్రివర్గ మంగీకరించిన పీఎం-వాణి పథకములో మాత్రము అంగడివాడుగాని సంఘముగాని లైసెన్సు లేకయే, రుసుము లేకయే వైఫైని పంచు కేంద్రము పెట్టుకొనవచ్చును. సంఘకార్యాలయము, పాలకేంద్రము, రచ్చబండ వంటి చోట్లకు ఇది చాలును. కొను రేడియోలకు కేంద్ర వైర్‌లెస్ విభాగపు పరికర ఆమోదపత్రము ఉన్నదో లేదో బిల్లుతోబాటు అడిగి తీసికొనవలెను.

దూరపు రేడియో ఒకటి, ఇంటిరేడియోలు రెండు, విద్యుత్తు పెట్టెలు రెండు, కొనలు ఒక డబ్బా, తీగ ఏబది మీటర్లు సంఘములో ఎప్పుడును నిలువయుండవలెను. ప్రతి రేడియో అమరికను నకలు తీసి రెండుచోట్ల దాచవలెను. వాని సంకేతపదములను బిగించిన మేస్త్రీ ఒక్కడే యెఱుగుట ప్రమాదము. అతడు ఊరు విడిచిననాడు స్తంభము మనది, తాళము వానిది యగును. వానిని కాగితముమీద వ్రాసి, కవరులో నుంచి ముద్రవేసి, అధ్యక్షుని కార్యదర్శి సంతకములతో సంఘపు ఇనుపపెట్టెలో నుంచుడు; మేస్త్రీ మారినప్పుడెల్ల సంకేతపదములను మార్చి, పాతకవరును చింపి క్రొత్తది పెట్టుడు.